చలి గీసిన హద్దులు

పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఎండల గురించి మాట్లాడుకోవడం హైదరాబాద్‌లో మనకు బాగా అలవాటు. మార్చి రాగానే పత్రికలు గరిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలు మొదలుపెడతాయి. కనిష్ఠ ఉష్ణోగ్రత మాత్రం డిసెంబరులో నాలుగు రోజులు వార్తగా నిలుస్తుంది, సంక్రాంతి దాటాక ఎవరికీ గుర్తుండదు. ఈ సాయంత్రం నేను ఆ రెండో అంకె గురించే మాట్లాడాలనుకుంటున్నాను. ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్లు భూమి మీద ఎక్కడిదాకా బతకగలవో చాలాచోట్ల తేల్చేది ఆ అంకే. అందులోనూ సగటు చలికి అంత ప్రాధాన్యం లేదు. ఆ ఏటి చలికాలంలో అన్నిటికన్నా చల్లగా గడిచిన ఒకటి రెండు రాత్రులే చెట్టు ఉంటుందో పోతుందో నిర్ణయిస్తాయి.

హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్. 1946 జనవరి 8 నాటి మాట అది. ఆ రాత్రి జనం వణికిపోయి ఉంటారు గానీ వేపకు, మర్రికి, చింతకు ప్రాణాపాయం ఏమీ లేదు. కాండంలోని నీరు గడ్డకట్టాలంటే ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పోవాలి. ఈ నగరంలో ఏ చెట్టుకూ ఆ గండం ఎదురుకాలేదు. అందుకే అడవుల గురించి ఆలోచించేటప్పుడు మనకు చలి తట్టదు. మన దగ్గర ఆకు నిలుపుకోవాలా, రాల్చుకోవాలా అన్నది తడిని బట్టి ఉంటుంది. ఆదిలాబాద్ టేకు అడవి వేసవి ముంగిట మోడువారేది నీళ్లు చాలకే. పశ్చిమ కనుమల్లో వానలు ఎక్కువ, ఎండు నెలలు తక్కువ కాబట్టి అక్కడి అడవి ఏడాదంతా పచ్చగా ఉంటుంది. శ్రీహరికోటలో అంత వాన లేకపోయినా ఈశాన్య రుతుపవనాలు, సముద్రపు గాలిలోని తేమ కలిసి పాల, నేరేడు, అల్లి చెట్లతో ఒక పొట్టి సతతహరిత అడవిని నిలబెడుతున్నాయి. రాకెట్ కేంద్రంగానే మనం ఎరిగిన ఆ దీవిలో అంత అరుదైన అడవి ఉందని చాలామందికి తెలియదు. తెలియాలని నా కోరిక.

ఉత్తరానికి పోయేకొద్దీ ఈ లెక్క మారుతుంది. హిమాలయం దాటాక, యూరప్‌లో, సైబీరియాలో, కెనడాలో నీళ్లు ఉన్నా అవి తాగడానికి వీలు లేకుండా గడ్డకట్టి ఉంటాయి. అక్కడ పచ్చగా నిలబడాలంటే చెట్టుకు వేరే విద్య కావాలి.

ఆ విద్య ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. వేరు పీల్చిన నీరు సన్నని దారునాళాల గుండా ఆకు దాకా చేరుతుంది. ఆకు నుంచి నీరు ఆవిరవుతూ కింది నీటిని పైకి లాగుతుంది కాబట్టి ఆ నీటి స్తంభం ఎప్పుడూ బిగువు మీదే ఉంటుంది. ఇప్పుడు రాత్రి చలికి ఆ నీరు గడ్డకట్టిందనుకోండి. నీటిలో కరిగి ఉన్న గాలికి మంచుగడ్డలో చోటు ఉండదు, బుడగలుగా విడిపోతుంది. తెల్లవారి ఎండకు మంచు కరిగినప్పుడే అసలు ప్రమాదం. నాళం సన్ననిదైతే చిన్న చిన్న బుడగలు మళ్లీ నీటిలో కరిగిపోతాయి. నాళం వెడల్పు ఎక్కువైతే బుడగ పెద్దదై, బిగువు మీద ఉన్న నీటి స్తంభాన్ని తెంచేస్తుంది. తెగిన నాళం ఇక ఆకుకు నీరు అందించలేదు. ఈ తేడా తెచ్చే వెడల్పు సుమారు 40 మైక్రాన్లని, అంటే మిల్లీమీటరులో ఇరవై అయిదో వంతని పరిశోధనలు చెబుతున్నాయి. పైన్, ఫర్, స్ప్రూస్, దేవదారు వంటి సూది ఆకుల చెట్లకు వెడల్పాటి నాళాలు అసలు ఉండవు. ఉన్నవి సన్నని దారుకణాలే, వాటిలో ఎక్కువ భాగం ఈ కొలతకు లోపలే ఉంటాయి. అందుకే అవి ఎన్నిసార్లు గడ్డకట్టి కరిగినా తట్టుకుంటాయి. వెడల్పాటి నాళాలున్న సిందూర (ఓక్) జాతి చెట్లు చలి దేశాల్లో వేరే దారి పట్టాయి. శరదృతువులోనే ఆకులు రాల్చేసి, చలికాలంలో నాళాలు చెడిపోతే చెడిపోనిమ్మని, వసంతంలో నీరు మోసే కొత్త దారువు కట్టుకుంటాయి. ఎటొచ్చీ ఇబ్బంది పడేది వెడల్పాటి ఆకును చలికాలంలోనూ అట్టిపెట్టుకునే చెట్టు. దాని ఆకు ఎండ పొడ తగలగానే నీరు అడుగుతుంది, నాళాలేమో తెగి ఉంటాయి.

ఇది గొట్టాల సంగతి. కణాల సంగతి మరొకటి ఉంది. కణం లోపల మంచు ముక్క ఏర్పడిందా, ఆ కణం చచ్చినట్టే. కాబట్టి చలి దేశపు చెట్లు కణంలోని నీటిని కొంత కణాల మధ్య ఖాళీల్లోకి వదిలి, మంచు అక్కడే కట్టేలా చూస్తాయి. లోపల మిగిలిన రసం చక్కెరలతో చిక్కబడి గడ్డకట్టకుండా నిలుస్తుంది. ఈ ఏర్పాటు ఒక్క రాత్రిలో జరిగేది కాదు. వేసవి చివర పగళ్లు కురచబడటం చూసి చెట్టు పెరుగుదల ఆపుతుంది, తొలి చలులు తగిలేకొద్దీ గట్టిపడుతుంది. జపాన్ శాస్త్రవేత్త అకిరా సకాయ్ 1960లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. చలికి బాగా గట్టిపడిన కొమ్మలను మొదట మెల్లమెల్లగా మైనస్ 30 డిగ్రీల దాకా చల్లబరిచి, తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచితే అవి బతికాయి. అదే చెట్టు కొమ్మను నడివేసవిలో కోస్తే మైనస్ నాలుగైదు డిగ్రీలకే నల్లబడిపోతుంది. మీరు ఈ ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోండి, తర్వాత చెప్పబోయేదానికంతటికీ ఇది ఆధారం: చలిని తట్టుకునే శక్తి చెట్టు ఒంట్లో ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. ఏటా శరదృతువులో కూడబెట్టుకుంటుంది, వెచ్చదనం తగలగానే వదిలేసుకుంటుంది.

తాటి జాతికి ఈ రక్షణలు దాదాపు లేవు. కొబ్బరిని గాని, తాటిని గాని చూడండి. పెరుగుదలంతా ఒక్క మొవ్వులో ఉంటుంది. పక్క కొమ్మలు లేవు, నిద్రపోయే మొగ్గలు లేవు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టేనని కోనసీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంచు ఆ మొవ్వును పట్టిందంటే అంతే సంగతులు. అందుకే పాత కాలపు శీతాకాలాలను తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు తాటి జాతి శిలాజాలను వెతుకుతారు. ఆర్కిటిక్ సముద్రపు అడుగు పొరల్లో సుమారు 5 కోట్ల 30 లక్షల ఏళ్ల నాటి తాటి జాతి పుప్పొడి దొరికింది. అంటే ఉత్తర ధ్రువం దగ్గరి తీరాల్లో ఆనాడు అత్యంత చల్లని నెల సగటు కూడా సుమారు 8 డిగ్రీలకు తగ్గలేదన్నమాట. మన జనవరి రాత్రులు కొన్నిసార్లు అంతకన్నా చల్లగా ఉంటాయి!

ఇక పటం మీద హద్దులు చూద్దాం. వెడల్పాటి ఆకుల సతతహరిత వృక్షాలకు మొత్తం మీద మైనస్ 15 డిగ్రీల దగ్గర ఒక అడ్డుగోడ ఉంది. ఉష్ణోగ్రత ఏటా అంతకన్నా దిగజారే చోట అవి అడవిగా నిలబడవు. ఆ పైన రాజ్యం ఆకురాల్చే చెట్లది, ఇంకా పైకి పోతే సూది ఆకులది. ప్రతి జాతికీ మళ్లీ సొంత హద్దు ఉంటుంది. డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు యోహానెస్ ఐవర్సన్ 1944లో హోలీ అనే చెట్టును, ఐవీ తీగను, మిసెల్టో అనే బదనికను తీసుకుని, అవి పెరిగే చోట్లకూ చలికాలపు ఉష్ణోగ్రతకూ ఉన్న లంకెను చూపించారు. హోలీ ముళ్ల అంచుల ముదురాకుపచ్చ ఆకులున్న సతతహరిత వృక్షం. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉండే గీతను పటం మీద గీస్తే, హోలీ తూర్పు, ఉత్తర హద్దులు ఇంచుమించు ఆ గీత వెంబడే నడిచాయి. 60 ఏళ్ల తర్వాత, ఈ శతాబ్దం తొలి దశకంలో శాస్త్రవేత్తలు మళ్లీ వెళ్లి చూస్తే స్కాండినేవియాలో హోలీ పాత హద్దు దాటి ఉత్తరానికి చేరుకుంది. సున్నా డిగ్రీల గీత జరిగింది, దాని వెనుక చెట్టూ జరిగింది. వాతావరణ మార్పు మీద ఎంతో చర్చ సాగుతున్న రోజుల్లో, ఎవరి పక్షమూ వహించని సాక్షి ఇలా అడవిలో దొరికింది.

స్విట్జర్లాండ్ దక్షిణాన ఇటలీని ఆనుకుని ఉన్న టిచీనో ప్రాంతంలో మరో చిత్రం. తోటల్లో అలంకారానికి పెంచిన చైనా తాళవృక్షం, కర్పూర చెట్టు బంధువులైన కొన్ని సతతహరిత మొక్కలు గత కొన్ని దశాబ్దాల్లో కంచె దాటి చెస్ట్‌నట్ అడవుల నీడలో మొలకెత్తడం మొదలుపెట్టాయి. గింజలు పక్షులు అంతకు ముందూ మోసుకెళ్లేవే. మొలకలు చలికాలం దాటేవి కావు. గడ్డకట్టే చలి రోజులు తగ్గాక దాటుతున్నాయి. ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర తాళవృక్షాల వనం చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అక్కడ సహజంగా ఉండాల్సిన మొలకల మీద ఆ పచ్చని నీడ ఏడాదంతా పడుతుంది. ఆకురాల్చే అడవి కింద వసంతపు వెలుతురును నమ్ముకుని బతికే చిన్న మొక్కలకు అది కష్టకాలం.

మనకు బాగా దగ్గరైన ఉదాహరణ మడ అడవులది. కోరంగిలో మనం చూసే మడ చెట్టు బంధువులే అమెరికాలోని ఫ్లోరిడా తీరాన కూడా ఉన్నాయి. కోరంగి మడకు ఉప్పు, ఆటుపోట్లు, మంచినీటి రాక ముఖ్యం. ఫ్లోరిడాలో వీటికి తోడు చలి గండం ఉంది. 1984 నుంచి 2011 దాకా తీసిన ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన పరిశోధకులు ఫ్లోరిడా తూర్పు తీరంలో మడ అడవుల ఉత్తరపు అంచు దగ్గర వాటి విస్తీర్ణం రెట్టింపైందని 2014లో ప్రకటించారు. ఆ పెరుగుదల సగటు ఉష్ణోగ్రతతో సరిపోలేదు, వానతోనూ సరిపోలేదు. మైనస్ 4 డిగ్రీల కంటే దిగువకు పడిపోయే రోజులు తగ్గడంతో సరిపోయింది. ఏడాదిలో అలాంటివి ఒకటి రెండు రోజులే! అవి రాకపోవడమే మొత్తం తీరం రూపురేఖలను మార్చింది. ఉప్పు గడ్డి మైదానాలు పోయి మడ తోపులు వచ్చాయి. తుపానులకు మడ అడ్డుగోడ అని మనకు తెలుసు కాబట్టి సంతోషించాలనిపిస్తుంది. ఆ గడ్డిలో గూళ్లు కట్టే పక్షుల సంగతి ఆలోచిస్తే ఆ సంతోషం నిలవదు.

అదే ఫ్లోరిడాలో 1983 డిసెంబరు, 1985 జనవరి, 1989 డిసెంబరు నెలల్లో వచ్చిన మంచు రాత్రులు నారింజ, నిమ్మ తోటలను నేలమట్టం చేశాయి. నారింజ కూడా సతతహరితమే. ఆ దెబ్బతో ఉత్తర కౌంటీల రైతులు తోటలు వదిలేసుకుంటే సాగు దక్షిణానికి జరిగింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను ముంచిన చలి, వెచ్చని చలికాలాల ధైర్యంతో తీరం వెంట ఎదిగిన మడ చెట్లను, ఊళ్లలో నాటిన తాళవృక్షాలను పెద్ద ఎత్తున చంపేసింది. భూమి వేడెక్కుతోందంటే చలి లేకుండా పోతుందని అర్థం కాదు. విపరీతమైన చలి అరుదవుతుంది, కానీ వచ్చినప్పుడు అంతకు ముందు ఇరవై ఏళ్లలో హద్దు దాటి వచ్చిన చెట్ల మీద పడుతుంది. సగటును నమ్ముకుని చెట్లు నాటేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇంతదాకా చలిని శత్రువుగానే చెప్పాను. ఇప్పుడు రెండో ముఖం చూద్దాం. నన్ను ఎక్కువగా కలతపెట్టేది కూడా ఇదే.

కెనడా పశ్చిమాన ఉన్న బ్రిటిష్ కొలంబియాలో లాడ్జ్‌పోల్ పైన్ అడవులున్నాయి. వాటి బెరడు కింద ఒక చిన్న పురుగు గుడ్లు పెడుతుంది. బియ్యపు గింజంత ఉంటుంది అది. దాని లార్వాలు బెరడు లోపలి పొరను తింటాయి, దానితో పాటు వచ్చే నీలి బూజు దారువును మూసేస్తుంది. చెట్టు ఎర్రబడి ఎండిపోతుంది. పూర్వం ఈ పురుగును అదుపులో ఉంచింది చలే. మైనస్ 40 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు నిలిస్తే లార్వాలు చాలావరకు చచ్చిపోయేవి. అలాంటి చలికాలాలు తగ్గిపోయాక, 1990ల చివరి నుంచి మొదలై సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్ల అడవి ఆ పురుగు బారిన పడింది. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కంటే ఎక్కువ అది. ప్రతి కార్చిచ్చునూ ఆర్పేస్తూ రావడం వల్ల అక్కడ ఒకే వయసు ముదురు చెట్లు పేరుకుపోయిన మాటా నిజమే, నేను దాన్ని కాదనను. కానీ చలికాలం కాపలా ఉన్నంతకాలం ఆ తప్పుకు ఇంత శిక్ష పడలేదు.

అలాస్కా ఆగ్నేయ తీరంలో జరిగింది ఇంకా విచిత్రం. అక్కడి పసుపు సెడార్ వెయ్యేళ్లు బతకగల వృక్షం. అక్కడి తెగలవారు దాని బెరడుతో బట్టలు నేశారు, కలపతో పడవలు, తెడ్లు చేసుకున్నారు. అలాంటి చెట్లు 2 లక్షల హెక్టార్లకు పైగా ఎండి నిలబడ్డాయి. పురుగు కాదు, తెగులు కాదు. కారణం తేలడానికి శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది. ఆ చెట్టు తడి నేలల్లో వేళ్లను చాలా పైపైనే పరుస్తుంది. చలికాలం చివర్లో తక్కిన చెట్ల కంటే ముందే తన చలి రక్షణను వదిలేస్తుంది. పూర్వం నేల మీద మందంగా పరుచుకున్న మంచు దుప్పటిలా ఆ వేళ్లను కాపాడేది. వెచ్చబడ్డాక మంచుకు బదులు వాన కురుస్తోంది, దుప్పటి లేదు. వసంతం ముంగిట ఒక చలిగాలి వచ్చి నేల మైనస్ 5 డిగ్రీలకు చేరితే చాలు, సన్నవేళ్లు చచ్చిపోతాయి. భూమి వేడెక్కినందువల్ల చెట్టు చలికి చచ్చిపోయింది. ఈ వాక్యం వినగానే తలకిందులుగా అనిపిస్తుంది. అందుకే అంత వివరంగా చెప్పాను.

జర్మనీలో 2018 తర్వాత వరసగా వచ్చిన ఎండు వేసవులు, బెరడు పురుగులు కలిసి సుమారు 5 లక్షల హెక్టార్ల అడవిని దెబ్బతీశాయి. పోయినవాటిలో అధిక భాగం స్ప్రూస్. కలప కోసం దాని సొంత చల్లని కొండల నుంచి దించి మైదానాల్లో నాటిన చెట్లు అవి. చల్లని చోటు దాని ఇల్లు, మనిషి దాన్ని ఇల్లు దాటించాడు.

సైబీరియా గురించి ఒక మాట చెప్పి మన కొండలకు వస్తాను. సూది ఆకుల చెట్లన్నీ పచ్చగా ఉంటాయనుకుంటాం గానీ, తూర్పు సైబీరియాలో లార్చ్ అనే చెట్టు ఏటా శరత్తులో తన సూదులన్నీ రాల్చేస్తుంది. వెర్ఖొయాన్స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైన ప్రాంతం అది. కింద నేల ఏడాదంతా గడ్డకట్టి, వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది. అంతటి చోట కూడా సతతహరితంగా ఉండే మరుగుజ్జు పైన్ ఒకటుంది. దాని ఉపాయం చూడండి: చలి ముదరగానే కొమ్మలను నేలకు వాల్చేస్తుంది. మంచు కప్పేశాక అడుగున ఒదిగి చలికాలం గడిపి, వసంతంలో మళ్లీ లేస్తుంది. వేడెక్కేకొద్దీ లార్చ్ అడవుల్లోకి పచ్చని స్ప్రూస్, ఫర్ చొరబడే అవకాశం ఉంది. అదే జరిగితే తెల్లని మంచు నేల మీద ముదురు పచ్చ చెట్లు నిలుస్తాయి, ఎండను వెనక్కి పంపాల్సిన చోట పీల్చేసుకుంటాయి, ఆ ప్రాంతం ఇంకా వేడెక్కుతుంది. చెట్టు ఎక్కడ నాటినా మేలే అనే మన నమ్మకానికి అక్కడ మినహాయింపు ఉంది. 1979 నుంచి లెక్కిస్తే ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది, కాబట్టి ఇది దూరపు ముచ్చట కాదు.

హిమాలయాల విషయంలో మాత్రం ఒక సవరణ చేసుకోవాలి. కొండ ఎక్కేకొద్దీ ఒక ఎత్తు దాటాక చెట్లు ఆగిపోతాయి కదా, అది చలికాలపు తీవ్రత వల్లేనని అందరూ అనుకుంటారు. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్ ప్రపంచంలోని పర్వతాలను పోల్చి, పెరిగే కాలపు సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీలకు కాస్త పైన ఉన్నచోట ఆ హద్దు ఉంటోందని చూపించారు. అంతకన్నా చల్లగా ఉంటే చెట్టు ఆహారం తయారుచేసుకోగలదు గానీ కొత్త కణజాలం కట్టలేదు. టిబెట్‌లో ఒక జాతి జునిపర్ 4,900 మీటర్ల ఎత్తున కూడా చెట్టుగా నిలబడింది. చలికాలం అక్కడ ఎంత భయంకరమో ఊహించుకోవచ్చు. కాబట్టి పటం మీద హోలీ వంటి జాతుల ఉత్తరపు హద్దు, కొండ మీద చెట్ల ఎగువ హద్దు ఒకే కారణంతో ఏర్పడలేదు. రెండింటినీ కలిపేసి మాట్లాడటం పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు దక్షిణాదికి వద్దాం. మనకు మంచు గండం లేదన్నాను. నీలగిరుల మీద ఉంది. ఊటీ చుట్టుపక్కల 2,000 మీటర్లకు పైన, లోయల మడతల్లో షోలా అనే పొట్టి సతతహరిత అడవులు, వాటి చుట్టూ గుట్టల మీద పచ్చిక. రెండింటి మధ్య అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. వాన రెండింటికీ ఒకటే. మరి అడవి పచ్చికలోకి ఎందుకు పాకదు? డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి పచ్చిక నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, తెల్లవారేసరికి గడ్డి పోచల మీద మంచు గడ్డకడుతుంది. పది అడుగుల దూరంలో షోలా లోపల చెట్ల గుబురు వేడిని పోనివ్వదు, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. షోలా చెట్టు విత్తనం పచ్చికలో పడి మొలకెత్తినా ఆ చలిరాత్రులు దాటదు. అడవి లోపల పడింది దాటుతుంది. ఇలా అడవి, పచ్చిక ఒకదాన్ని ఒకటి ఆక్రమించకుండా పక్కపక్కనే ఉంటూ వచ్చాయి. 2020లో వెలువడిన ఒక పరిశోధన ఈ పనిని మంచుకే ఆపాదించింది. వేడెక్కడం, బయటి చెట్ల చొరబాటు ఈ సమతుల్యాన్ని చెడగొట్టగలవని కూడా హెచ్చరించింది. ఎందుకంటే 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు స్థానిక మొలకల కంటే చలిని బాగా తట్టుకుంటుంది. రాత్రులు వెచ్చబడితే దానికి ఆ కాస్త అడ్డూ ఉండదు. నీలగిరి వరయాడు అనే కొండమేక మేసే పచ్చిక అంతా దాని కిందికి పోతుంది.

అందుకే మన లంబసింగి మీద నాకు ఇంత పట్టు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి చలికాలంలో హైదరాబాద్ నుంచి కూడా బస్సులు, కార్లు కట్టుకుని పోతున్నాం. పొగమంచు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తున్నాం. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోయే రాత్రులు తూర్పు కనుమల్లో మరెక్కడో కొద్ది చోట్ల తప్ప ఉండవు. ఆ చలిలో ఏ స్థానిక మొక్క బతుకుతోంది, ఏది లోయలోనే ఆగిపోతోంది, కాఫీకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ ఆ చలిని ఎలా తట్టుకుంటోంది అనే ప్రశ్నలు అక్కడికి వెళ్లే వృక్షశాస్త్ర విద్యార్థి ఒక్కడైనా వెంట తీసుకెళ్లాలి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం కనిష్ఠ ఉష్ణోగ్రత నమోదు చేస్తోంది. పత్రికలు దాన్ని పర్యాటక వార్తగా వేస్తున్నాయి. ఆ అంకెల పక్కన చెట్ల వివరాలు చేరితేనే అది విజ్ఞానం అవుతుంది.

ఇంకా దగ్గరికి వస్తే మన మామిడి ఉంది. అదీ సతతహరితమే. ముదిరిన రెమ్మకు వరసగా కొన్ని చల్లని రాత్రులు, సుమారు 15 డిగ్రీలు అంతకు తక్కువ, తగిలితే దాని కొన పూతకు తిరుగుతుంది. ఆ రోజుల్లో రాత్రులు వెచ్చగా ఉంటే అదే కొన లేత ఎర్రని చిగురు వేస్తుంది. చిగురు వేసిన రెమ్మ ఆ ఏటికి కాయ ఇవ్వదు. చెట్టు పచ్చగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది, రైతు చేతికి మాత్రం ఏమీ రాదు. కొల్లాపూర్‌లో, జగిత్యాలలో, నూజివీడులో తోటలున్నవాళ్లు పూత ఆలస్యమైందనో, విడతలు విడతలుగా వచ్చిందనో చెబుతుంటే దాన్ని మందుల కొరతగా తీసిపారేయకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజూ కనిష్ఠ ఉష్ణోగ్రత, తొలి పూత కనిపించిన తేదీ, ఏ కొమ్మ పూసింది, ఏది చిగురించింది అన్నవి రాసిపెట్టమనండి. కనిష్ఠ ఉష్ణోగ్రత చూపించే థర్మామీటరు పెద్ద ఖరీదు కాదు. జూనియర్ కళాశాలల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలు తమ ఊరి తోటలో ఈ పని చేయగలరు, పదేళ్లు ఆగకుండా చేస్తే దానికి సాటి వచ్చే సమాచారం మన రాష్ట్రాల్లో మరొకటి ఉండదు.

సభ మొదలయ్యే ముందు ఒక అమ్మగారు నన్ను అడిగారు, డిసెంబరులో ఇక్కడి నర్సరీల్లో అమ్మే క్రిస్మస్ చెట్టు బతుకుతుంది గదా, దేవదారు ఎందుకు బతకదని. మంచి ప్రశ్న, జవాబు చెప్పే ముగిస్తాను. అమ్మా, మన నర్సరీల్లో దొరికేది ఎక్కువగా అరకేరియా. అది పసిఫిక్ మహాసముద్రంలో మంచు పడని దీవుల చెట్టు. సూది ఆకుల రూపం ఉంది గానీ గట్టి చలి దానికి పడదు, అందుకే మన దగ్గర ఇమిడిపోయింది. దేవదారు పశ్చిమ హిమాలయాల్లో చలికాలం నిద్రపోయి, చల్లని వేసవిలో పెరిగే చెట్టు. మన ఏప్రిల్, మే ఎండలకు, వెచ్చని రాత్రులకు అది తయారుచేసుకునే దానికంటే ఖర్చు చేసేదే ఎక్కువవుతుంది, కుండీలో రెండేళ్లు నిలిచినా క్షీణించిపోతుంది. దాని బదులు పెరట్లో చోటుంటే నేరేడు వేసుకోండి. ఏడాదంతా పచ్చగానే ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.